ఇంట్లో పెంచే పక్షులు, ఊపిరితిత్తుల ఆరోగ్యం

ఇంట్లో పెంచే పక్షుల వల్ల మనిషి శ్వాసకు మూడు రకాల ముప్పు ఉంది. మొదటిది అలర్జీ: తుమ్ములు, ముక్కు కారడం, ఉబ్బసం. రెండోది, పక్షి ధూళి మీద శరీరం చేసే పోరాటంలో ఊపిరితిత్తులే వాచి, ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడిపోయే జబ్బు. వైద్యులు దీన్ని హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటారు. మూడోది, పక్షి నుంచి మనిషికి సోకే సూక్ష్మజీవులు తెచ్చే జ్వరాలు, న్యుమోనియా. జనంలో భయం ఎక్కువగా మూడోదాని చుట్టూనే ఉంటుంది. చడీచప్పుడు లేకుండా వచ్చి, మళ్లీ కోలుకోలేనంతగా ఊపిరితిత్తులను దెబ్బతీయగలది మాత్రం రెండోది. ఈ జబ్బు తొలిదశలో బయటపడాలంటే ఖరీదైన పరీక్ష కన్నా ముందు ఒక చిన్న ప్రశ్న అవసరం: ఇంట్లో గానీ, ఇంటి పంచన గానీ పక్షులున్నాయా?

తెలుగు ఇళ్లలో ‘లవ్ బర్డ్స్’ పేరుతో పెంచేవాటిలో చాలావరకు ఆస్ట్రేలియా మూలానికి చెందిన బడ్జీలు. వాటితోపాటు కాక్‌టీల్‌లు, ఫించ్‌లు, మిద్దెల మీద గూళ్లు కట్టి పెంచే పావురాలు ఉంటాయి. రామచిలుకను పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమైనా, ఆ అలవాటు పూర్తిగా పోలేదు. ఎవరూ పెంచకపోయినా అపార్ట్‌మెంటు బాల్కనీల్లో, ఏసీ పెట్టెల వెనక గూళ్లు పెట్టే పావురాలు కూడా ఊపిరితిత్తుల లెక్కలో ఇంటి పక్షులే.

గాలిలో కలిసేది ఏమిటి

పక్షి పొద్దస్తమానం ముక్కుతో ఈకలు సవరించుకుంటూ, రెక్కలు విదిలిస్తూ ఉంటుంది. అలా చేసినప్పుడల్లా ఈకల తునకలు, చర్మపు పొట్టు గాలిలోకి లేస్తాయి. పావురాలు, కాకాటూలు, కాక్‌టీల్‌లు, ఆఫ్రికన్ గ్రే చిలుకల ఒంటి మీద ప్రత్యేకమైన నూగు ఈకలు ఉంటాయి. వాటి కొసలు నిత్యం అరిగి మెత్తని తెల్లపొడిగా రాలుతుంటాయి. కిటికీ అద్దానికి పావురం కొట్టుకున్నప్పుడు రెక్కల ఆకారంలో మిగిలే తెల్లని మరక ఈ పొడిదే. దీని రేణువు పరిమాణం సుమారు 1 మైక్రాన్. గాలితో లోపలికి వెళ్లే ధూళిలో పెద్ద రేణువులు ముక్కులో, గొంతులో చిక్కుకుంటాయి. 5 మైక్రాన్ల కన్నా చిన్నవి మాత్రం ఊపిరితిత్తుల అట్టడుగున, ప్రాణవాయువు రక్తంలో కలిసే వాయుగోణుల దాకా చేరగలవు.

రెండో వనరు రెట్ట. పచ్చిగా ఉన్నంతసేపు దానితో శ్వాసకు పెద్ద ఇబ్బంది లేదు. ఎండి పొడైన తర్వాత చీపురు తగిలినా, సీలింగ్ ఫ్యాను తిరిగినా గాలిలోకి లేస్తుంది. పక్షి పేగుల్లోని జిగురు ప్రోటీన్లు, దాని శరీరం తయారుచేసిన యాంటీబాడీలు రెట్టలో ఉంటాయి. ఈకల పొడి మీద కూడా ఇలాంటి ప్రోటీన్ల పూత ఉంటుంది. మనిషి రోగనిరోధక వ్యవస్థ పరాయివిగా గుర్తించి ఎదిరించేది వీటినే. ఆరోగ్యంగా, శుభ్రంగా ఉన్న పక్షి నుంచీ ఇవి వస్తాయి. కనుక పక్షికి జబ్బు లేదన్నది ఈ విషయంలో భరోసా కాదు.

ఎంత ధూళి పీలుస్తారన్నది పక్షుల సంఖ్య మీద ఎంత ఆధారపడుతుందో, గది మీద, గడిపే సమయం మీద అంతే ఆధారపడుతుంది. మిద్దె మీద గాలి ఆడే గూట్లో ఉన్న ఇరవై పావురాల కన్నా, తలుపులు మూసి ఏసీ వేసుకునే పడకగదిలోని ఒక్క జత పక్షులతో గడిపే గంటలు ఎక్కువ. గదిలోని గాలినే మళ్లీ మళ్లీ తిప్పే ఏసీలో ధూళి బయటికి పోయే దారి లేదు.

ముక్కు, శ్వాసనాళాల అలర్జీ

తేలికగా గుర్తుపట్టగలిగేది ఇదే. పంజరం దగ్గరికి వెళ్లిన కొద్ది నిమిషాల్లోనే తుమ్ములు, కళ్ల దురద, ముక్కు దిబ్బడ మొదలవుతాయి. ఉబ్బసం ఉన్నవారికి ఛాతీ బిగుసుకుపోయి పిల్లికూతలు వస్తాయి. ఐజీఈ అనే యాంటీబాడీ వల్ల కలిగే తక్షణ ప్రతిచర్య ఇది. అన్నిసార్లూ కారణం పక్షి ప్రోటీనే కానక్కర్లేదు. ఈకల్లో, గూట్లో, గింజల పొట్టులో పెరిగే మైట్లు అనే సూక్ష్మ జీవులు, తడిసిన గింజలకు పట్టే బూజు కూడా ఇవే లక్షణాలు తెస్తాయి.

పక్షి అలర్జీ ఒక్కోసారి భోజనం దాకా వస్తుంది. పక్షి ధూళిని పీల్చి అలర్జీ తెచ్చుకున్న కొందరు పెద్దలకు తర్వాత గుడ్డు పచ్చసొన తిన్నా నోటి దురద, దద్దుర్లు, ఆయాసం వస్తాయి. పక్షి రక్తంలో, ఈకల్లో ఉండే సీరం ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పచ్చసొనలోనూ ఉండటం దీనికి కారణం. పసిపిల్లల్లో సాధారణంగా కనిపించే గుడ్డు అలర్జీ తెల్లసొన వల్ల వస్తుంది, తిండి ద్వారా మొదలవుతుంది. ఇది పెద్దవయసులో, శ్వాస ద్వారా మొదలవుతుంది. ఈ ప్రోటీన్ వేడికి చాలావరకు చెడుతుంది కాబట్టి బాగా ఉడికిన గుడ్డు కొందరికి ఇబ్బంది చేయదు.

ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు

హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ ఒక్క పక్షుల వల్లే వచ్చేది కాదు. బూజు పట్టిన ఎండుగడ్డితో పనిచేసే రైతుల్లో ఈ జబ్బును 1932లో ఇంగ్లండ్‌లో క్యాంప్‌బెల్ వర్ణించాడు. 1960లో ఫ్రాన్స్‌లో బాతు ఈకలు ఏరే కార్మికుల్లో, 1965లో అమెరికాలో రీడ్, ఆయన సహచరులు పావురాల పెంపకందారుల్లో ఇలాంటి జబ్బునే గుర్తించారు. మరుసటి ఏడాది లండన్‌లో హార్‌గ్రీవ్, పెపిస్ బృందం పావురాలతోపాటు బడ్జీలు పెంచేవారిలోనూ దీన్ని చూపించింది. 1978లో హెండ్రిక్, సహచరులు బ్రిటన్‌లో ఈ జాతి జబ్బుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది బడ్జీల వల్ల వచ్చేదేనని తేల్చారు. బడ్జీలు పెంచేవారిలో 0.5 నుంచి 7.5 శాతం మందికి ఇది రావచ్చని వారి అంచనా. శాతం చిన్నదిగా కనిపించినా, బడ్జీలు లక్షల ఇళ్లలో ఉన్న దేశంలో అది వేలమంది రోగుల లెక్క.

ఇది ఉబ్బసం వంటిది కాదు. ఇందులో ఐజీఈకి పాత్ర లేదు. పక్షి ప్రోటీన్లకు ఎదురుగా ఐజీజీ యాంటీబాడీలు, టీ కణాలు కూడగట్టుకుని వాయుగోణుల గోడల మీదే పోరాటం సాగిస్తాయి. అక్కడ తెల్ల రక్తకణాలు గుమిగూడి చిన్నచిన్న గడ్డలు కడతాయి. ధూళి ఆగితే వాపు తగ్గుతుంది. ఆగకపోతే వాపు ఉన్నచోట మచ్చ కణజాలం పెరుగుతుంది. సాగే గుణం పోయిన ఊపిరితిత్తి గాలిని నింపుకోలేదు, ప్రాణవాయువును రక్తానికి అందించలేదు. ఒకసారి ఏర్పడిన మచ్చను చెరిపే మందు లేదు.

జబ్బు రెండు తీరుల్లో వస్తుంది. అప్పుడప్పుడు పెద్దమొత్తంలో ధూళి పీల్చేవారికి, ఉదాహరణకు వారానికోసారి పావురాల గూడు శుభ్రం చేసేవారికి, 4 నుంచి 8 గంటల తర్వాత చలిజ్వరం, ఒళ్లు నొప్పులు, పొడిదగ్గు, ఆయాసం వస్తాయి. ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతాయి. పగలు గూడు ఊడిస్తే రాత్రికి జ్వరం వస్తుంది కాబట్టి రెండింటికీ ముడిపెట్టడం కష్టం. ఫ్లూ అనో వైరల్ జ్వరమనో మందులు వాడతారు. రెండో తీరు ఇంకా ప్రమాదకరం. ఇంట్లో ఒకటి రెండు పక్షులు ఉండి, రోజూ కొద్దికొద్దిగా ధూళి పీల్చేవారికి జ్వరం రాదు. మెట్లెక్కితే ఆయాసం, ఎడతెగని పొడిదగ్గు, నీరసం, బరువు తగ్గడం నెలలు, ఏళ్ల మీద పెరుగుతాయి. వయసు మీద పడిందనో, ఒళ్లు పెరిగిందనో సరిపెట్టుకుంటారు. కొందరి చేతివేళ్ల చివర్లు గుండ్రంగా ఉబ్బుతాయి. స్టెతస్కోపు పెడితే ఊపిరితిత్తుల్లో చిటపట శబ్దం వినిపిస్తుంది. మెక్సికోలో ఇళ్లలో పావురాలు పెంచే స్త్రీలలో ఎక్కువగా కనిపించినది ఈ దీర్ఘకాలిక రూపమే.

ఒకే ఇంట్లో, ఒకే గాలి పీల్చే అందరికీ ఇది రాదు. పక్షులు పెంచేవారిలో చాలామంది రక్తంలో పక్షి ప్రోటీన్లకు ఎదురు యాంటీబాడీలు ఉంటాయి, వారిలో ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు. జన్యువుల్లోని తేడాలు కొంత కారణం. పొగతాగేవారిలో ఈ జబ్బు తక్కువగా కనిపిస్తుంది. పొగ రోగనిరోధక స్పందనను అణచడం వల్ల ఇలా జరుగుతుందని భావిస్తారు. అయితే పొగతాగేవారికి జబ్బు వచ్చిందంటే అది మరింత మొండిగా సాగుతుంది. కాబట్టి ఇది పొగాకుకు యోగ్యతాపత్రం కాదు.

భారతదేశంలో ఈ జబ్బు

ఊపిరితిత్తుల కణజాలం దెబ్బతినే జబ్బులను కలిపి ఐఎల్‌డీలు అంటారు. దేశంలోని 19 నగరాల్లో, 27 కేంద్రాల్లో 1084 మంది ఐఎల్‌డీ రోగుల వివరాలు సేకరించిన జాతీయ రిజిస్ట్రీ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. వారిలో 47.3 శాతం మందికి ఉన్నది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిసే. పాశ్చాత్య దేశాల రిజిస్ట్రీల్లో ఇంత పెద్ద వాటా కనిపించదు. నీళ్లు మార్చని ఎయిర్ కూలర్లలో పెరిగే బూజు, పక్షులు, ఇంటి గోడల చెమ్మ ఈ రోగుల చరిత్రల్లో తరచూ కనిపించిన కారణాలు.

నగరాల్లో పావురాల సంఖ్య పెరగడంతో, వాటి వల్ల ఆరోగ్యానికి ముప్పు అన్న ప్రశ్న న్యాయస్థానాల దాకా వెళ్లింది. 2025 జులైలో మహారాష్ట్ర ప్రభుత్వం ముంబయిలో పావురాలకు మేత వేసే 51 కబూతర్‌ఖానాలను మూసేయాలని ఆదేశించింది. దాదర్‌లోని కబూతర్‌ఖానా మూసివేతపై నిరసనలు రేగాయి. బొంబాయి హైకోర్టు ప్రజారోగ్యానికే ప్రాధాన్యం ఇచ్చింది. పావురాలకు గింజలు వేయడం చాలామందికి భక్తితో, జీవకారుణ్యంతో ముడిపడిన ఆచారం. ఆ భావనను చులకన చేయకుండానే, అక్కడ లేచే ధూళిని పీల్చేది చుట్టుపక్కల ఇళ్లవారేనని చెప్పాల్సిన అవసరం ఉంది.

పక్షి లేని ఇంట్లో పక్షి జబ్బు

ఈకలు నింపిన దిండ్లు, రజాయిలు, జాకెట్లు కూడా ఇదే జబ్బు తేగలవు. బార్సిలోనాలో మొరెల్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో కళ్లు తెరిపించింది. కారణం తెలియని ఊపిరితిత్తుల గట్టిపాటు, అంటే ఐపీఎఫ్, ఉన్నట్టు నిర్ధారణ అయిన 46 మందిని వారు మళ్లీ లోతుగా పరీక్షించారు. వారిలో 20 మందికి నిజంగా ఉన్నది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అని, ఎక్కువమందిలో దానికి కారణం ఈకల పరుపు సామగ్రి నుంచి వచ్చే పక్షి ప్రోటీన్లని తేలింది. తెలుగునాట దూదిపరుపులు, బూరుగుదూది దిండ్లే అలవాటు కాబట్టి ఈ ముప్పు తక్కువ. చలిదేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు మాత్రం తాము కప్పుకునే రజాయిలో ఏముందో చూసుకోవాలి.

నిర్ధారణ, చికిత్స

ఏ ఒక్క పరీక్షా దీన్ని తేల్చదు. రోగి చెప్పే చరిత్ర, హై రెజల్యూషన్ సీటీ స్కాన్, ఊపిరితిత్తుల సామర్థ్యం కొలిచే పరీక్షలు, పక్షి ప్రోటీన్లకు ఎదురు యాంటీబాడీల రక్తపరీక్ష, అవసరమైతే గొట్టం వేసి ఊపిరితిత్తిని కడిగిన ద్రవంలో లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల లెక్క, అరుదుగా ముక్క తీసి పరీక్ష: వీటన్నిటినీ కలిపి చూడాలి. యాంటీబాడీలు ఉన్నంతమాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, లేనంతమాత్రాన లేనట్టూ కాదు. అమెరికా, జపాన్, లాటిన్ అమెరికా వైద్య సంఘాలు 2020లో కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు జబ్బును పాతపద్ధతిలో కాలాన్ని బట్టి కాకుండా, ఊపిరితిత్తిలో మచ్చ పడిందా లేదా అన్నదాన్ని బట్టి రెండుగా విడదీశాయి. రోగి భవిష్యత్తును నిర్ణయించేది అదే కావడం దీనికి కారణం. మన దేశంలో అదనంగా ఒక చిక్కుంది. నెలల తరబడి దగ్గు, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చలు కనిపిస్తే ముందుగా క్షయ గుర్తుకొస్తుంది. కఫంలో క్రిములు లేకపోయినా క్షయ మందులు వాడి నెలలు పోగొట్టుకున్న రోగులు ఎందరో ఉన్నారు.

చికిత్సలో మొదటిదీ ముఖ్యమైనదీ పక్షి ధూళికి దూరం కావడం. మచ్చ పడకముందే దూరమైతే చాలామంది కోలుకుంటారు. స్టెరాయిడ్లు వాపును తగ్గిస్తాయి. రోగనిరోధక శక్తిని అణిచే మైకోఫినోలేట్, అజాథయోప్రిన్ వంటి మందులు కొందరికి వాడతారు. మచ్చ పెరుగుతూనే ఉన్నవారికి ఆ వేగాన్ని తగ్గించే నింటెడానిబ్ అనే మందు ఉంది. దీనిపై 2019లో వెలువడిన ఇన్‌బిల్డ్ అనే ఔషధ ప్రయోగంలో ఈ రోగులు కూడా ఉన్నారు. అయితే ఇంట్లో పక్షిని ఉంచుకుని మందులు మింగడం, చిల్లికుండలో నీళ్లు పోయడమే. పక్షిని పంపేసిన మర్నాటికే ఇల్లు శుభ్రమైపోదు. దాని ప్రోటీన్లు తివాచీల్లో, పరదాల్లో, సోఫాల్లో నెలల తరబడి ఉంటాయి. గోడలు, ఫ్యాను రెక్కలు, ఏసీ జల్లెడలు తడిగుడ్డతో తుడవాలి, ఉతకగలిగినవి ఉతకాలి, పంజరాన్ని ఇంట్లో దాచకూడదు. ఈ పనులు రోగి చేయకూడదు.

పక్షుల నుంచి సోకే జబ్బులు

వీటిలో ప్రధానమైనది సిటాకోసిస్. చిలుక జ్వరం అని కూడా అంటారు. 1879లో స్విట్జర్లాండ్‌లోని ఉస్టర్ పట్టణంలో రిటర్ అనే వైద్యుడు తన సోదరుడి ఇంట్లో ఏడుగురికి వచ్చిన తీవ్రమైన న్యుమోనియాను వర్ణించాడు. ముగ్గురు చనిపోయారు. ఆ ఇంటి చదువుగదిలో ఉన్న పంజరం పక్షుల మీదికి ఆయన అనుమానం పోయింది. 1895లో మొరాంజ్ అనే ఫ్రెంచి వైద్యుడు చిలుకకు గల గ్రీకు పేరుతో ఈ జబ్బుకు పేరు పెట్టాడు. 1929–30లో అర్జెంటీనా నుంచి ఎగుమతైన చిలుకలతో అమెరికా, ఐరోపా దేశాల్లో వందలమందికి సోకింది. 1930 జనవరిలో అమెరికా అధ్యక్షుడు హూవర్ చిలుకల దిగుమతిని నిషేధించాడు. అదే ఏడాది లండన్‌లో బెడ్సన్ బృందం వ్యాధికారకాన్ని పట్టుకుంది. క్లమీడియా సిటాసీ అనే బ్యాక్టీరియా అది. 2024 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆస్ట్రియా, డెన్మార్క్, జర్మనీ, నెదర్లాండ్స్, స్వీడన్‌లలో కేసులు పెరిగాయని, ఐదుగురు మరణించారని ప్రకటించింది. ఇది పాత చరిత్రగా మిగిలిపోలేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ బ్యాక్టీరియా రెట్టలో, ముక్కు స్రావాల్లో ఉంటుంది. పైకి బాగానే కనిపించే పక్షి కూడా దీన్ని మోస్తుంది. ఇరుకు బోనుల్లో కుక్కి తరలించినప్పుడు, ఆకలి దప్పులకు గురైనప్పుడు ఎక్కువగా విడుదల చేస్తుంది. ధూళి పీల్చిన 5 నుంచి 14 రోజులకు జ్వరం, విపరీతమైన తలనొప్పి, పొడిదగ్గు మొదలవుతాయి. డాక్సీసైక్లిన్ దీనికి బాగా పనిచేస్తుంది. సకాలంలో వాడితే మరణాలు చాలా అరుదు. న్యుమోనియాకు తరచుగా ఇచ్చే పెన్సిలిన్ జాతి మందులు మాత్రం దీని మీద పనిచేయవు. ఇంట్లో పక్షి ఉందన్న మాట వైద్యుడికి చెప్పడం ఇక్కడ మందునే మార్చేస్తుంది. గర్భిణులకు ఈ జబ్బు తీవ్రంగా రావచ్చు.

పావురాల పాత రెట్టలో క్రిప్టోకాకస్ నియోఫార్మన్స్ అనే శిలీంధ్రం బాగా పెరుగుతుంది. ఆరోగ్యవంతులకు దీనితో సాధారణంగా ఏమీ కాదు. హెచ్ఐవీ ఉన్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు, రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడేవారిలో ఇది ఊపిరితిత్తుల నుంచి మెదడు పొరలకు పాకుతుంది. మూత్రపిండ మార్పిడి జరిగిన ఒక అమెరికా రోగిలోని శిలీంధ్రమూ, ఆ ఇంట్లోని పెంపుడు కాకాటూ రెట్టలోని శిలీంధ్రమూ ఒకటేనని 2000లో వెలువడిన పరిశోధన చూపించింది. బర్డ్ ఫ్లూ విషయానికొస్తే అది ప్రధానంగా కోళ్లు, బాతులు, వలస పక్షుల జబ్బు. బయటి పక్షులతో కలవని పంజరం పక్షి నుంచి దాని ముప్పు చాలా తక్కువ.

క్యాన్సర్ గురించిన వాదన

1988లో నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో హోల్స్ట్ బృందం చేసిన అధ్యయనం, పక్షులు పెంచేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ సంభావ్యత 6.7 రెట్లు ఎక్కువని చెప్పి కలకలం రేపింది. 1992లో బెర్లిన్ అధ్యయనం రెట్టింపు అంది. పొగతాగే అలవాటును మరింత జాగ్రత్తగా లెక్కలోకి తీసుకుని తర్వాత జరిగిన పెద్ద అధ్యయనాల్లో ఈ సంబంధం నిలబడలేదు. పక్షులు పెంచేవారిలో పొగతాగేవారు ఎక్కువగా ఉండటమే తొలి లెక్కలను పెంచి ఉంటుందన్నది చాలామంది పరిశోధకుల అభిప్రాయం. పక్షి వల్ల క్యాన్సర్ వస్తుందనడానికి ఈనాడు బలమైన ఆధారం లేదు.

పెంచేవారికి జాగ్రత్తలు

పంజరం పడకగదిలో, వంటింట్లో ఉండకూడదు. గాలి ఆడే వరండా మేలు. పంజరం అడుగున పాత పేపరు పరిచి రోజూ మార్చాలి. రెట్ట ఎండిపోకముందే తీసేయడం అన్నిటికన్నా తేలికైన రక్షణ. పొడిచీపురుతో ఊడవకూడదు. ముందు నీళ్లు చిలకరించి, తడిగుడ్డతో తుడవాలి. పావురాల గూళ్లు, బాల్కనీలు శుభ్రం చేసేటప్పుడు చేతులకు తొడుగులు, ముఖానికి బిగుతుగా అమరే ఎన్95 మాస్కు ఉండాలి. పలుచని గుడ్డ మాస్కు ఇంత సన్నని ధూళిని ఆపదు. పక్షికి నీళ్లాడే వీలు కల్పిస్తే పొడి రాలడం తగ్గుతుంది. హెపా ఫిల్టర్ ఉన్న గాలి శుద్ధి యంత్రం కొంత సాయపడుతుంది గానీ, ఈ జాగ్రత్తలకు బదులు కాలేదు. కొత్తగా తెచ్చిన పక్షిని కనీసం నెల రోజులు విడిగా ఉంచాలి. ఈకలు ఉబ్బించుకుని ముడుచుకుని కూర్చున్నా, మేత మానేసినా, కళ్లూ ముక్కూ కారుతున్నా పశువైద్యుడికి చూపించాలి. నోటితో మేత అందించడం, ముద్దు పెట్టుకోవడం మానాలి. బాల్కనీకి వల కట్టిస్తే పావురాలకు హాని లేకుండానే గూళ్లు ఆగుతాయి.

ఉబ్బసం, ఐఎల్‌డీ, రోగనిరోధక లోపం ఉన్నవారు, గర్భిణులు, పసిబిడ్డలు ఉన్న ఇంట్లో కొత్తగా పక్షిని తెచ్చుకునే ముందు వైద్యుడి సలహా తీసుకోవాలి. మూడు వారాలకు మించిన పొడిదగ్గు, కొత్తగా మొదలైన ఆయాసం, గూడు ఊడ్చిన రాత్రల్లా వచ్చే జ్వరం ఉంటే పల్మొనాలజిస్టును కలవాలి. ఆయన అడగకపోయినా ఇంట్లోని పక్షుల గురించి, బాల్కనీ పావురాల గురించి, ఈకల దిండు గురించి, ఎయిర్ కూలర్ గురించి చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంట్లో పై జాగ్రత్తలతో పక్షిని పెంచుకోవడానికి అభ్యంతరం లేదు. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ నిర్ధారణ అయిన ఇంట్లో మాత్రం మాస్కు, ఫిల్టరు, వేరే గది వంటి మధ్యేమార్గాలు నమ్మదగినవి కావు. అక్కడ పక్షిని బాగా చూసుకునే మరో ఇంటికి అప్పగించడమే చికిత్సలో తొలి మెట్టు.